నందలాల్ బోసు: శిష్యుల కుంచెలు

1938వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున గుజరాతు దేశములో తపతీ నదీతీరమునందలి హరిపుర గ్రామమున భారత జాతీయ కాంగ్రెసు యొక్క యేబదియొకటవ మహాసభ జరిగెను. అధ్యక్షులు సుభాష్ చంద్ర బోసుగారు. ఆ సభలో జరిగిన తీర్మానములు చరిత్ర గ్రంథములలో నున్నవి. వానిని మఱల నిచ్చట చెప్పబోము. సభకు వచ్చిన రైతులు ఆ తీర్మానములను వినుటకు ముందే మఱియొకదానిని చూచిరి. వెదురుతోను, గడ్డితోను, ఖద్దరుతోను కట్టిన ద్వారములకును, విడుదులకును సుమారు నన్నూరు చిత్రపటములు అమర్పబడియుండెను. వానిలో రాజుల వైభవము గాని నాయకుల ముఖములు గాని చూపబడలేదు. పొలము దున్నువాడు, దూది యేకువాడు, వడ్రంగి, కుట్టుపనివాడు, డోలు వాయించువాడు, వడ్లు దంచు స్త్రీ, చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి, ఇట్టివారు గనబడిరి. నడచివచ్చిన రైతు ఆ ద్వారముమీద తన్ను తానే చూచుకొనెను.

ఆ పటములను నందలాల్ బోసు హరిపుర చిత్రములని లోకము పిలుచుచున్నది. పేరు సరియైనదే గాని, సగము మాత్రమే సరియైనది. నన్నూటిలో ఆయన స్వహస్తముతో వ్రాసినవి ఎనుబదికి కొంచెము పైగా నుండును. తక్కినవి శాంతినికేతనపు కళాభవనమునందలి విద్యార్థులును, ఆయన సహచరులును ఆ మూలచిత్రములను చూచి వ్రాసినవి. నేడు మన పట్టణములలో విద్యార్థుల చిత్రప్రదర్శనములు తఱచుగా జరుగుచున్నవి. ఒక విషయమును ముందుగా నిర్ణయించి, దానిమీద అందఱిచేతను బొమ్మలు వ్రాయించి, పటము క్రింద పేరు వ్రాసి, మంచివని తోచినవానికి బహుమతు లిచ్చుట ఆచారమైనది. అట్టి ప్రదర్శనములను చూచినప్పుడెల్ల మాకు హరిపురము జ్ఞప్తికి వచ్చును. ఒకే విషయముమీద గురువును శిష్యులును కలసి పనిచేసి, ఆ పనిని దేశము ముందఱ నిలువబెట్టిన యా యుదంతమును, దానికి కర్తయైన పురుషుని చరిత్రమును పాఠకుల కెఱిగింపదలచితిమి.

నందలాల్ బోసు 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన బీహారులో ముంగేరు జిల్లాయందలి హవేలీ ఖరగ్‌పూరున నొక వంగ కుటుంబమున జన్మించెను. తండ్రి పూర్ణచంద్ర బోసు దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి ఇంటిలో ఆటబొమ్మలు చేయుటయందు నేర్పరి. బాలునకు మొదటి గురువు ఆమెయే యనవచ్చును. మట్టితో ప్రతిమలు చేయుట, దుర్గాపూజ పందిళ్లను అలంకరించుట ఆ పిల్లవానికి చదువుకంటె ప్రియములైన పనులు. పదునైదవ యేట కలకత్తాకు పోయి ఉన్నత పాఠశాలలో చేరెను. 1903లో సుధీరాదేవితో వివాహమయ్యెను. కళాశాల చదువు మాత్రము సాగలేదు. పరీక్షలో తప్పుట, మఱియొక కళాశాలలో చేరుట, అచ్చటను తప్పుట. తుదకు 1905లో ప్రెసిడెన్సీ కళాశాలయందు వాణిజ్యశాస్త్రపు తరగతిలో చేర్చిరి, అదియు ఫలింపలేదు. మన యిండ్లలో ఇట్టి పిల్లవానిని చెడిపోయినవానిగా లెక్కించుట యెఱుగనివారెవరు? పెద్దలను ఒప్పించి ఆయన ప్రభుత్వ చిత్రకళాశాలలో ప్రవేశించెను.

ఆ సంవత్సరము వంగదేశము విభజింపబడిన సంవత్సరము. వీథులలో స్వదేశీ వ్రతము చెలరేగుచుండెను. చిత్రకళాశాలలోపల మఱియొక విధమైన స్వదేశీ వ్రతము అప్పటికే మొదలయ్యెను. అధ్యక్షుడైన హావెల్ దొర ఆంగ్లేయుడయ్యు, ఐరోపా పటముల నకళ్లను తొలగించి, మొగలు చిత్రములను, భారతీయ శిల్పములను విద్యార్థుల ముందఱ పెట్టెను. ఉపాధ్యక్షుడు అవనీంద్రనాథ ఠాకూరు. నందలాలు ఆయనకు ముఖ్యశిష్యుడయ్యెను. ప్రాచ్యకళా సంఘమువారు 1908లో జరిపిన ప్రదర్శనమున శివసతీ చిత్రమునకై ఆయనకు ఐదువందల రూపాయల బహుమతి వచ్చెను. ఆ ధనముతో ఆయన ఆస్తి కొనలేదు, దేశము చూడబోయెను. ఆలయములను, శిల్పములను కన్నులార చూచి వచ్చెను.

అటుపిమ్మట జరిగినది మన తెలుగువారికి మఱింత దగ్గఱిది. లేడీ హెరింగ్‌హామ్ అను ఆంగ్ల వనిత నిజాము రాజ్యములో నుండిన అజంతా గుహలలోని చిత్రములకు ప్రతులు తీయించుటకు వచ్చియుండెను. సోదరి నివేదిత ప్రోత్సాహమున, 1909వ సంవత్సరపు చలికాలమున నందలాలును, సహాధ్యాయియగు అసిత్ కుమార్ హాల్దారును అచ్చటికి పోయిరి. వంగీయులతోపాటు మైసూరునకు చెందిన వెంకటప్పయు, హైదరాబాదు చిత్రకారులైన సయ్యద్ అహమ్మదు, ఫజలుద్దీనులును ఆ పనిలో నుండిరి. భిన్న దేశములవారు, భిన్న మతములవారు ఒకే గోడయెదుట కూర్చుండి, ఒకే గీతను పట్టుకొనుటకు ప్రయత్నించిరి. ఆ ప్రతులు 1915లో లండనునందు ప్రకటింపబడెను. ఆ గోడలు దాతల పేర్లు కొన్ని చెప్పును గాని, ఏ బొమ్మ నెవరు వ్రాసిరో చెప్పవు. బోధిసత్త్వుని కనుబొమ గీచిన చేయి యెవరిదో, ఆ ప్రక్కనున్న అరటియాకు గీచిన చేయి యెవరిదో యెవరికిని తెలియదు. పలువురు కలసి పనిచేయగా, పని యొక్కటిగా నిలిచెను. నందలాల్ బోసు తరువాత చేసిన పనికంతకును బీజము ఇచ్చట పడినదని మా యభిప్రాయము. సంవత్సరముల పిదప, 1921లో, గ్వాలియరు రాజ్యమున బాఘ్ గుహల చిత్రములకు ప్రతులు తీయుటకును ఆయన పోయెను.

1914లో ఆయన మొదటిసారి శాంతినికేతనమునకు పోగా రవీంద్రకవి యాదరముతో ఆహ్వానించెను. 1919లో కళాభవనము వెలసెను. 1922లో నందలాలు దానికి అధ్యక్షుడయ్యెను. 1951 వఱకు ఆ పదవియందుండెను. విద్యార్థులు ఆయనను మాష్టరు మహాశయుడని పిలుచుచుండిరి. కలకత్తా నగరపు చిత్రశాలలలో కీర్తి సంపాదింపగలవాడు, బీర్భూము జిల్లాయందలి యెఱ్ఱమట్టి నేలలో, సంతాలుల పల్లెల నడుమ, ముప్పది సంవత్సరములు పాఠము చెప్పుచు గడపెను. ఆయన పాఠశాలలో పరీక్షల బాధ లేదు. విద్యార్థులను వెంటబెట్టుకొని పల్లెలకు, ఏటియొడ్డునకు పోవుచుండెను. చేతిలో చిన్న కాగితపు కార్డులు ఎల్లప్పుడు నుండవలసినదే. త్రోవలో కనబడిన మేక, తాటిచెట్టు, నీళ్లకు పోవు స్త్రీ, ఏదైనను వెంటనే నాలుగు గీతలలో కార్డుమీద నిలువవలెను. అట్టి కార్డులు ఆయన వేలకొలది వ్రాసి మిత్రులకును శిష్యులకును పంచిపెట్టెను. ప్రకృతి, సంప్రదాయము, స్వబుద్ధి యను మూడును కూడిననే కళ యగునని జపానుదేశీయుడైన ఒకాకురా చెప్పిన మాటను ఆయన జీవితాంతము పట్టుకొనెను.

చిత్రమనగా చట్రము కట్టి గోడకు తగిలించునది మాత్రమే యని ఆయన యెన్నడు నొప్పుకొనలేదు. ముంగిటి ముగ్గు, తోలుపని, బట్టలమీది అద్దకము, నాటకమునకు రంగస్థలపు అలంకారము, భవనపు గోడ, ఇవన్నియు పాఠములే. ముగ్గులకు ఆయన తన పాఠశాలలో ఆసనము వేసెను. మన యాడువారు ప్రతి యుదయమును వాకిట గీచి, ప్రతి మధ్యాహ్నమును కాలిక్రింద చెఱపివేయు విద్యను కళయని గౌరవించిన మొదటి అధ్యక్షులలో ఆయన యొకడు. విద్యార్థులు వసించు మట్టి యింటినే విద్యార్థులచేత ఉబ్బెత్తు శిల్పములతో నింపించి, తారు పూయించిరి. అది నల్లయిల్లను పేరున నేటికిని అచ్చట నున్నది. శ్రీనికేతనమున 1930లో హలకర్షణోత్సవమును గోడమీద చిత్రించినప్పుడును శిష్యులు తోడుండిరి.

శిష్యులను గూర్చి రెండు మాటలు చెప్పక తీఱదు. వినోదవిహారి ముఖర్జీ యను బాలుడు చూపు మందగించినవాడు. కన్నులు సరిలేనివానికి చిత్రవిద్య యెట్లు వచ్చునని నందలాలు సందేహించెను. పిల్లవానికి శ్రద్ధ యున్నచో అడ్డుపెట్టవలదనియు, ఇతరుల భవిష్యత్తును తవ్వి చూడవలదనియు రవీంద్రుడు సలహా చెప్పెనట. ఆ బాలుడే తరువాత శాంతినికేతనపు హిందీ భవనమున మధ్యయుగపు భక్తులను గోడల పొడవునను చిత్రించి, ఆ తరువాత కొలది సంవత్సరములకు పూర్తిగా అంధుడయ్యెను. అంధుడైన పిమ్మటను కళను విడువలేదు. రామకింకర్ బైజు బాంకుడాలో క్షురక కుటుంబమున పుట్టినవాడు. సహాయ నిరాకరణపు దినములలో జాతీయ నాయకుల బొమ్మలు వ్రాయుచుండెను. పత్రికాసంపాదకుడైన రామానంద చటర్జీగారి కంట బడి, 1925లో శాంతినికేతనము చేరెను. ఒక పత్రికాసంపాదకుడు దేశమునకు చేసిన యుపకారములలో ఇది యొకటియని, ఆ వృత్తియందే యున్న మేము కొంత గర్వముతో చెప్పుకొందుము.

ఆ కాలమున ఈ గాలి మన తీరమునను వీచెను. మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలయందు వంగ చిత్రకారుడైన ప్రమోదకుమార్ చటోపాధ్యాయుడు చిత్రవిద్య గఱపెను. అడివి బాపిరాజుగారు ఆయన శిష్యులు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు వేఱు త్రోవను నడచి, 1925లో మూడు పదులు నిండకయే మరణింపగా, ఆయన పాఠశాలను మిత్రుడు వరదా వెంకటరత్నముగారు నిలిపిరి. గురువు పోయినను శిష్యులు కుంచె దింపకుండుట మనకును తెలిసిన సంగతియే.

1930లో మహాత్ముడు ఉప్పు సత్యాగ్రహమునకై దండికి నడచినప్పుడు, నందలాలు నల్లని నేపథ్యముమీద తెల్లని గీతలతో, చేతికఱ్ఱ పట్టి నడచుచున్న బాపూజీని అచ్చుబొమ్మగా చెక్కెను. దానిని చూడని భారతీయుడు అరుదు. చేసినవాని పేరు తెలిసినవాడును అరుదే. మహాత్మునకు ఆయనయందు గుఱి కుదిరెను. 1936లో లక్నో కాంగ్రెసునందు భారతీయ కళాచరిత్రమును తెలుపు ప్రదర్శనమును ఏర్పఱుచు భారము ఆయనపై పెట్టెను. ఆ సంవత్సరాంతమున ఖాందేశములోని ఫైజ్‌పూరున, పల్లెటూరిలో మొట్టమొదటి కాంగ్రెసు జరిగినప్పుడు నగరమంతయు కట్టించు పనియే ఒప్పగించెను. తాను చిత్రకారుడనే గాని కట్టడపు పని యెఱుగనని నందలాలు వెనుదీసెను. మహాత్ముడు విడువలేదు. వెదురు, గడ్డి, ఆ యూరిలో దొరకు వస్తువులు తప్ప వేఱొండు వాడరాదని నియమము. పెండ్లిపందిరి వేయించిన యనుభవముగల మన కామందు లెఱుగుదురు: ఉన్న సరకుతో పందిరి వేయుటకంటె, లేని సరకు కొని తెచ్చి వేయుట సులభము. ఫైజ్‌పూరున ఆయన నేర్చినది హరిపురమున అక్కఱకు వచ్చెను.

హరిపురమునకు మహాత్ముని కోరిక యిది: ప్రదర్శనము పల్లెవానికి వినోదము మాత్రమే కారాదు, పల్లెవాని జీవితమే ప్రదర్శనము కావలెను, చిత్రములు లోపల, టిక్కెట్టు కొన్నవారి కొఱకు గాక, వెలుపల, నడచిపోవువారి కంటికి ఆనవలెను. నందలాలు విషయమును ఒక్క మాటలో తేల్చెను: పల్లెయందలి పని, పల్లెయందలి ఆటపాట. ఆ యొక్క విషయముక్రింద రైతు, వేటగాడు, మల్లులు, ఎద్దును లొంగదీయువాడు, వీణ వాయించునది అందఱును చేరిరి. చేతితో చేసిన కాగితమును గట్టి అట్టపై అంటించి, మట్టిరంగులను జిగురుతో కలిపి వ్రాసిరి. ఒక్కొక్క పటము సుమారు రెండడుగుల యెత్తు. అనేక పటములలో బొమ్మ యొక కమానులో, అనగా గుడి గూటిలో నిలిచిన విగ్రహమువలె, అమరియుండును. ఈ కమాను చిన్న సంగతి కాదు. దేవుడు నిలువవలసిన చోట దూదేకులవాడు నిలిచినాడు. వంగదేశపు పటువాలు ఊరూరు తిరిగి చూపు పటములయొక్క మందమైన గీతయు, నిండైన రంగును ఇందు గలవు. అవనీంద్రుని శిష్యుల తొలినాటి చిత్రములయందు నీటిలో కడిగినట్లు పలచబడిన రంగు, నిద్రకన్నులు మా కెన్నడును అంతగా రుచింపలేదు. హరిపురమున ఆ నిద్ర వదలినది.

నన్నూరు పటములు స్వల్పకాలమున ఒక్కడు వ్రాయజాలడు. గురువు మూలము వ్రాసెను. శిష్యులు దానిని చూచి మఱల వ్రాసిరి. ఇట్టి పనియందు రహస్యమొకటి కలదు. ఆ కాగితముమీద ఆ రంగుతో గీచిన గీతను తుడిచి మఱల గీయుట సులభము కాదు. కుంచె నిండుగా ముంచి, ఊపిరి బిగబట్టి, ఒక్క త్రిప్పులో వీపు వంపును, మోకాలి మలుపును గీయవలెను. కావున నకలు వ్రాసినవాడును తన చేతితోనే వ్రాయవలెను, అచ్చుయంత్రమువలె వ్రాయలేడు. రంగులు కొలదివి, కమాను ఒక్కటి, కొలత ఒక్కటి. అందుచేత ఇందఱి చేతులు కలిసినను ద్వారములు ఒక్క కుటుంబపు బిడ్డలవలె కనబడెను. నేడు ప్రదర్శనములను కూర్చువారు గోడల రంగును, దీపముల వెలుతురును ఆలోచించుచున్నారు, మంచిదే. నందలాలు పటము పుట్టకముందే ప్రదర్శనమును ఆలోచించెను.

ఇందుకు ఆక్షేపణలు లేకపోలేదు. రాజకీయసభకు బొమ్మలు వ్రాయుట కళను ప్రచారమునకు దిగజార్చుటయే యని కొందఱందురు. వారు ఆ పటములను చూడవలెను. వానిలో నినాదము లేదు, జెండా యెత్తినవాడు లేడు, శత్రువు లేడు. దూది యేకువాడు దూది యేకుచున్నాడు, అంతే. ప్రచారము చేయదలచినవాడు ఇంత మౌనముగా నుండడు.

రెండవ యాక్షేపణ బరువైనది. చిత్రవిద్య నేర్వవచ్చిన పిల్లలచేత గురువు బొమ్మలకు నకళ్లు వ్రాయించుట వారి స్వబుద్ధిని చంపుట కాదా? పేరు గురువునకు, శ్రమ శిష్యులకు అగుట న్యాయమా? మొదటి ప్రశ్నకు ఆ పాఠశాలయే యుత్తరము. ఆ 1938వ సంవత్సరముననే రామకింకరుడు శాంతినికేతనమున కంకరతోను సిమెంటుతోను సంతాలు కుటుంబమను మహాశిల్పమును నిలువబెట్టెను. అది గురువుగారి గీతకు నకలు గాదు. గురువుగారి త్రోవయే గాదు. 1940లో చేరిన సత్యజిత్ రాయి రెండేండ్లకే విడిచిపోయి చలనచిత్రములు తీసెను; చూచుట నేర్చినది అచ్చటనే యని ఆయన దాచుకొనలేదు. నకలు వ్రాసిన చేతులు కట్టుబడలేదు.

రెండవ ప్రశ్నకు మాత్రము అంత సులభముగా సమాధానము చెప్పజాలము. అజంతాలో పేర్లు లేవన్న మాట నిజమే; పెండ్లిపందిరి వేసినవాని పేరెవరు నడుగరన్న మాటయు నిజమే. కాని అజంతాలో గురువు పేరును లేదు. హరిపుర చిత్రములు నందలాలు పేరున ప్రసిద్ధికెక్కినవి. మూడువందలకు పైగా పటములు వ్రాసిన శిష్యులు పుస్తకములలో ఒక్క వాక్యముగా మిగిలిరి. ఆయన పేరు కోరి చేసిన పని యిది కాదని మేము నమ్ముదుము. అయినను పేరు ఒక్కనికే చేరినది. జాతీయోద్యమమున ఇట్టి సంగతులు ఇంకను పెక్కు గలవు; జైలునకు పోయిన నాయకుని యెఱుగుదుము, ఆయన వెంట పోయినవారిని ఊరివారు మాత్రమే యెఱుగుదురు.

తరువాతి చరిత్రము క్లుప్తముగా చెప్పుదుము. బరోడాలో కీర్తిమందిరపు గోడలను చిత్రించెను. 1954లో పద్మవిభూషణ బిరుదము వచ్చెను. 1966వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన కలకత్తాలో దివంగతుడయ్యెను. దేశము విడిచి పోరాని కళానిధులుగా ఆయన కృతులను ప్రభుత్వము 1976లో ప్రకటించెను. కళాభవనమున 1973 మొదలు ఏటేట డిసెంబరు 1, 2 తేదీలయందు, ఆయన జన్మదినపు ముంగిట, విద్యార్థులు తమ చేతిపనులను విక్రయించు మేళా యేర్పడెను.

ఇక మిగిలినది హరిపురమువంటి పనియే మఱియొకటి. స్వరాజ్యము వచ్చిన పిమ్మట భారత రాజ్యాంగపు మూలప్రతిని చేతితో వ్రాయించి చిత్రములతో అలంకరింప నిశ్చయించినప్పుడు ఆ భారము మఱల నందలాలుపై పడెను. అక్షరములు ఢిల్లీకి చెందిన ప్రేమ్ విహారీ నారాయణ్ రాయజాదా వ్రాసెను. చిత్రములు వృద్ధుడైన గురువును, ఆయన శిష్యులును, కుటుంబమువారును వ్రాసిరి. ఈ మాఱు విషయము దేశచరిత్ర. మొహెంజొదారో వృషభముతో మొదలిడి, వైదిక గురుకులము, బుద్ధుడు, నలందా, మహాబలిపురపు శిల్పము, అక్బరు, శివాజీ, టిప్పు, ఝాన్సీ లక్ష్మి, దండికి నడచు మహాత్ముడు, తుదకు హిమాలయము, ఎడారి, సముద్రము, మొత్తము ఇరువదిరెండు చిత్రములు. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ సభ్యులు ఆ ప్రతిమీద సంతకములు చేసిరి. మచిలీపట్టణపు జాతీయ కళాశాలా స్థాపకులలో నొకరైన పట్టాభిగారును, దుర్గాబాయమ్మగారును ఆ సభయందు సభ్యులై యుండిరి.

ఆ ప్రతియందలి పీఠికాపత్రము చుట్టును గల అలంకారమును వ్రాసినవాడు జబల్పూరునకు చెందిన బెవహార్ రామమనోహర సిన్హా యను శిష్యుడు. ఆ పుట క్రింది భాగమున, కుడివైపు మూలన, అల్లికలో కలిసిపోవునంత చిన్నగా, నాగరి లిపిలో ఆయన సంతకము కలదు: రామ్.